ఏరిన చేతులకే బూజు పప్పు

ఆదోనిలో ఒక వేరుశనగ బుడ్డల మిల్లులో, బూజు పట్టిన పప్పును ఏరి పక్కన పెట్టే ఆడవాళ్ళకే, ఆ బూజు పప్పును శనివారం శనివారం సంచిలో పోసి ఇంటికి పంపుతారు. మంచి పప్పు లారీ ఎక్కి పట్నాలకు పోతుంది, ఓడ ఎక్కి పరదేశాలకు పోతుంది. చెడ్డది మాత్రం ఏరిన చేతుల్లోకే తిరిగి వస్తుంది. వాళ్ళు దాన్ని వేయించి, ఎండు మిరపకాయలూ తెల్లగడ్డలూ వేసి దంచి, మూడు పూటలా రొట్టెకు అద్దుకొని తింటారు. పిల్లలకు పెడతారు. కడుపుతో ఉన్న ఆడబిడ్డలకు పెడతారు.

ఇది తప్పు. దానమన్నా తప్పే, ఆనవాయితీ అన్నా తప్పే.

ఈ మాట ఎదుట నిలబడి చెప్పడానికే నేను నంద్యాల నుంచి ఆదోనికి పోయి వచ్చినాను. నేను బడిలో చదివింది మూడో తరగతి. మిగిలిన చదువంతా మొదట పొట్లాల కాగితాల మీద, తర్వాత గ్రంథాలయం బల్ల మీద. కాబట్టి నన్ను డాక్టరనుకోవద్దు. బుడ్డలంటే వేరుశనగ. చేనులో కాయ ఊరే వేళకు వాన మొహం చాటేస్తే కాయ నెర్రెలు విడుస్తుంది. పీకే వేళకు వాన పట్టుకుంటే ఆ నెర్రెల్లోకి బూజు దిగుతుంది. ఆ బూజు ఒక విషం విడుస్తుంది. విషం కంటికి కనపడదు. వేయించినా పోదు. ఒక్కనాటికి ఏమీ చేయదు, ఏండ్ల తరబడి తింటే కాలేయాన్ని పట్టుకుంటుంది. నాకు తెలిసిన డాక్టరు ఒకాయనను అడిగి రూఢి చేసుకున్నాను. "ఫలానా మనిషి దీనివల్లే పోయిందని చెప్పలేం పెద్దాయనా. తినకుండా ఉండాల్సిందని మాత్రం గట్టిగా చెప్పొచ్చు" అన్నాడు.

ఆయనను అడగడానికి కారణం శాంతమ్మ. నేను వయసులో ఉన్నప్పుడు ఆ ఆదోని మిల్లులోనే మూటలు మోసే హమాలీని. శాంతమ్మ పప్పు ఏరేది. నన్ను అన్నా అని పిలిచేది. కండ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి పోయిందని ఈ మధ్యనే తెలిసింది. దేనివల్ల పోయిందో నాకు తెలియదు. కానీ ఆమె కూతురు ఇప్పుడు అదే కొట్టంలో కూర్చొని అదే పప్పు ఏరుతుందని, అదే సంచి ఇంటికి మోసుకుపోతుందని కూడా విన్నాను. మిల్లు సావుకారుకు నాలుగు జాబులు రాసినాను. ఒక్కదానికీ బదులు రాలేదు. ఐదోది రాసే బదులు నేనే పోవడం మేలనిపించింది.

కోపంతోనే బస్సెక్కినాను. దోవలో జనం ఆ కోపాన్ని ఏం చేసినారో చెబుతాను.

గోనెగండ్ల: తలకిందులైన పంట

గోనెగండ్ల దాటినాక వంక పొంగి బస్సు నిలిచిపోయింది. ఆ వాన నా ఒక్కని మీదే పగబట్టినట్టు, నేను దిగినాకే జోరందుకుంది. రోడ్డు పక్కన రేకుల కొట్టం కనపడితే అందులోకి దూరినాను. దూరేటప్పుడు రేకు అంచు తగిలి పంచె మోకాలి దగ్గర చినిగింది. లోపల ఒక రైతు, అతని భార్య బుడ్డల చెట్లు సర్దుతున్నారు. అతని పేరు ఈరన్న, ఆమె లింగమ్మ.

"యాడికి పోతాండావు పెద్దాయనా ఈ వానలో?"

"ఆదోనికప్పా."

"ఆదోని యాడికీ పోదులే. వంక దిగేదాకా కూర్చో."

కూర్చొని చూస్తే నాకు వింతగా అనిపించింది. పీకిన చెట్లను కుప్పగా వేయకుండా, వరసలు వరసలుగా, ఆకులు నేలకు, కాయలు పైకి ఉండేటట్టు పెట్టినారు. మా వైపు కాలువ నీళ్ళ కింద వరి తప్ప ఇంకో పంటను మనిషి లెక్కపెట్టడు. బుడ్డల్ని ఇంత ముద్దుగా పడుకోబెట్టడం నేనెక్కడా చూడలేదు.

"ఇదేందప్పా, పంటను తలకిందులు చేసినావు?"

ఈరన్న కంటే ముందు లింగమ్మ అందుకుంది. "ఊరంతా అదే అడుగుతాండారు. ఈరన్న బుడ్డలకు శీర్షాసనం నేర్పిస్తాండాడని నవ్వుకుంటాండారు."

"నవ్వనీ" అన్నాడు ఈరన్న. "కాయ పైకుంటే గాలి తగుల్తాది. నేలను తాకిందంటే రెండు దినాలకే బూజు."

నాకు ప్రాణం లేచి వచ్చింది. నా మాట అర్థం చేసుకునే మనిషి దొరికినాడని, బూజు గురించి నాకు తెలిసిందంతా చెప్పుకొచ్చినాను. నెర్రె ఎట్లా పడుతుంది, విషం ఎట్లా ఊరుతుంది, కాలేయం ఎక్కడుంటుంది, ఏరే ఆడవాళ్ళ కోసం ఏ మిల్లు సావుకారు దగ్గరికి పోతున్నాను, అంతా. ఈరన్న చెట్లు సర్దుకుంటూనే విన్నాడు.

"అయిపోయిందా? అదంతా నాకు తెల్సు పెద్దాయనా. కాయ ఊరేటప్పుడు రాని వాన, పీకేటప్పుడు పిలవకుండా వచ్చింది. నాకు సెప్పి ఏం లాభం? నీ మాట వింటాదేమో, దానికి సెప్పు."

లింగమ్మ నవ్వి, ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చి బుడ్డలు ఒక గిన్నె నిండా నా ముందు పెట్టింది. వేడి వేడిగా, పాలు కారుతూ ఉన్నాయి. ఇంతకంటే రుచిగలది నేను ఈ ఏడాది తినలేదు. తింటూ ఉంటే ఈరన్న అసలు మాట బయటపెట్టినాడు.

"నేను ఎంత ఎండబెట్టి ఏం లాభం? మిల్లుకాడ మిషన్‌లో ఏసే ముందు కాయ మీద నీళ్ళు సల్లుతారు. బాగా ఎండిన కాయ మిషన్‌లో పడితే పప్పు బద్దలైతాదంట. ఇంత మెత్తబడితే గింజ గింజగా వస్తాదంట. నేను పది దినాలు ఎండబెట్టింది, వాళ్ళు పది నిమిషాల్లో తడిపేస్తారు. ఆ సల్లేటోని చెయ్యి ఇరగ!"

నేను కుడిచేతిని మెల్లగా ఒళ్ళోకి తీసుకున్నాను. మూటలు మోయనప్పుడు, ఆ మిల్లులో నీళ్ళు చల్లింది నేనే. తడి కాయ మూటల్లో ఉడికి బూజు పడుతుందని అప్పుడు నాకు తెలియదు. చల్లమన్నారు, చల్లినాను. ఆ మాట ఈరన్నతో అనే ధైర్యం రాలేదు. ఇంకో నాలుగు బుడ్డలు ఒలుచుకున్నాను.

వంక తగ్గినాక లింగమ్మ ఒక గుడ్డ మూట తెచ్చి నా చేతిలో పెట్టింది. రానున్న ఏటికి విత్తనం కోసం ఒలిచి దాచుకున్న పప్పు. ఒక్కొక్కటి గులాబీ రంగులో నిగనిగలాడుతోంది.

"విత్తనానికి పెట్టుకున్నవి నాకెందుకమ్మా?"

"మీ సావుకారుకు సూపీ. బుడ్డ అంటే ఇట్లుంటాదని. ఏరేటోళ్ళకు పంచు మిగిల్తే."

విత్తనం ఇచ్చే చెయ్యి ఎంత పెద్దదో రైతు ఇంట పుట్టిన వాళ్ళకు తెలుస్తుంది. దణ్ణం పెట్టి బస్సెక్కినాను.

ఎమ్మిగనూరు: ఉమ్మేసిన ముద్ద

చినిగిన పంచెతో సావుకారు ముందుకు పోవడం ఎట్లా? మరునాడు ఎమ్మిగనూరులో నేత వీధి వెతుక్కుంటూ పోయినాను. ఒక ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినపడితే, పంచె దొరుకుతుందా అని గడప దగ్గర నిలబడి అడిగినాను. గుంట మగ్గంలో కూర్చున్నాయన పేరు రంగప్ప. పక్కన కండెలు చుడుతున్న ఆయన భార్య పద్మావతమ్మ.

"పంచెలు నేయం పెద్దాయనా, దుప్పట్లు నేస్తాము. నీకు దుప్పటి కట్టుకునే అలవాటుంటే సెప్పు" అన్నాడు రంగప్ప, చెయ్యి ఆపకుండానే.

పద్మావతమ్మ మొగుణ్ణి కసిరి, సూదీ దారమూ తెచ్చింది. నన్ను ఒక తువ్వాలు కట్టుకోమని, పంచె చినుగును అక్కడే కుట్టింది. ఎంత నేర్పుగా కుట్టిందంటే, ఇప్పుడు వెతికినా నాకా చోటు దొరకడం లేదు. పైసా తీసుకోలేదు. పైగా "తినే వేళైంది, ఊరికే పోతావా" అని పీట వేసింది. మా వైపు కొత్త మనిషిని వసారాలో కూర్చోబెట్టి, ఏ ఊరు, ఎవరి తాలూకు అని మూడు తరాలు అడిగినాక మంచినీళ్ళు ఇస్తారు. ఇక్కడ పేరు కూడా అడగకుండా పళ్ళెం పెట్టినారు. పేరు అడగకపోవడం నాకు ఎంత మేలు చేసిందో కాసేపటికి తెలిసింది.

పెద్ద జొన్న రొట్టె, పుండికూర పప్పు. పుండికూరంటే మనం గోంగూర అనేదే, కన్నడ సీమ దగ్గరయ్యే కొద్దీ పేరు మారుతుంది. రొట్టె పక్కన బుడ్డల పొడి, దాని మీద నూనె. ఆకలితో ఉన్నాను. పొడి అద్దుకొని పెద్ద ముక్క నోట్లో పెట్టుకున్నాను. రెండో నములుకే నాలుక వెనక చేదు తగిలింది. చేదు పప్పు తగిలితే మింగొద్దని ఊరూరా చెప్పుకు తిరిగే మనిషిని కదా, ఆలోచించకుండా చేతిలోకి ఉమ్మేసినాను.

మగ్గం ఆగింది.

"ఏందప్పా?" అన్నాడు రంగప్ప. "మా ఇంటి పొడి ఉమ్మేసినావా?"

సిగ్గుతో నా చెవులు కాలిపోయినాయి. తప్పైందని చెప్పి, బూజు సంగతి వివరించినాను. ఇంతకీ ఈ పప్పు ఎక్కడిదమ్మా అని అడిగినాను.

"ఆదోని మిల్లుది" అంది పద్మావతమ్మ. "ఆదివారం ఆదివారం ఒకామె తెస్తాది. వాళ్ళకు మిల్లులో ఊరికే ఇస్తారంట. తినంగా మిగిలింది మాకు అగ్గువకు పోస్తాది. సుబ్బన్న పప్పు అంటారులే దాన్ని."

"సుబ్బన్న ఎవరు?" అన్నాను.

"ఏమో. ఎవరో పుణ్యాత్ముడంట. ఆయనే మిల్లోళ్ళతో కొట్లాడి ఆడోళ్ళకు పెట్టించినాడంట."

నా పేరు సుబ్బన్న.

నాలుగు జాబుల్లోనూ ఈ సంగతి రాయలేదు. ఈ రాతలో కూడా ఇంతవరకు రాయకుండా దాచినాను, చూసినారు కదా. అప్పట్లో ఒక కరువేడు. ఏరి పారేసిన పప్పును పాత సావుకారు పశువుల దాణాకు అమ్ముకునేవాడు. అది ఏరే ఆడవాళ్ళు మాత్రం గంజి తాగి వచ్చి కూర్చునేవాళ్ళు. శాంతమ్మ ఒకనాడు కొట్టంలోనే సోలిపోయింది. నేను మూట దించి, ఇంక ఎత్తనన్నాను. నన్ను చూసి మిగతా హమాలీలూ దించినారు. రెండు రోజులు మిల్లు కదల్లేదు. మూడోనాడు సావుకారు దిగొచ్చి, శనివారం నాడు మనిషికొక శేరు పారేసిన పప్పు ఇస్తానన్నాడు. ఆడవాళ్ళు నన్ను పూలదండ వేసి ఊరేగించినారు. నా బతుకులో నేను గెలిచిన కొట్లాట అదొక్కటే. ఆ గెలుపు తల్చుకొని ఎన్ని చలికాలాలు వెచ్చగా గడిపినానో నాకే తెలుసు.

రంగప్ప దంపతులకు నా పేరు చెప్పలేదు.

పద్మావతమ్మ పొడి సీసా చేతిలో పట్టుకొని కాసేపు చూసింది. "పడుగులో చెడ్డ పోగు వస్తే కంటికి కనపడ్తాది. అక్కడికక్కడ తెంచి ముడేస్తాము. దీన్ని దంచేస్తిమి కదా, ఇంక యాడ తెంచేది?" అంది. నేను పుస్తకాల్లో పేజీలు పేజీలు చదివి చెప్పలేకపోయిన మాట, కండె చుట్టే చేత్తో రెండు ముక్కల్లో చెప్పింది. బర్రెకు వేయబోతే నేనే ఆపినాను. తిన్న పశువు పాలలోకి కూడా ఆ విషం దిగుతుంది. పెరట్లో గుంత తీసి పూడ్చింది.

లింగమ్మ ఇచ్చిన మూటలో సగం వాళ్ళకు పోసినాను. పద్మావతమ్మ అప్పటికప్పుడు వేయించి, దంచి, కొత్త పొడితో మళ్ళీ పళ్ళెం పెట్టింది. రంగప్ప మాత్రం నేను లేచేదాకా నా నోటినే చూస్తూ కూర్చున్నాడు.

"ఈసారి మింగినావా?"

"మింగినానప్పా."

"హమ్మయ్య. పరువు దక్కింది."

ఆదోని: ఏరే కొట్టం

శనివారం పొద్దున ఆదోనిలో దిగినాను. బస్టాండు పక్కన బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. నానబెట్టిన బొరుగుల్లో నిమ్మరసం పిండి, పుట్నాల పొడి చల్లి పెడతారు. మా నంద్యాలలోనూ చేస్తారు గానీ, ఈ కారం ముందు అది పథ్యం కింద లెక్క. కండ్లలో నీళ్ళు కారుతుంటే బండి సాయిబు "పానీ పీయో చాచా, ఆదోని అంటే ఆషామాషీ గాదు" అని చెంబు అందించినాడు. నా పడుచు వయసులో ఈ ఊర్లో తాగిన నీళ్ళు గుర్తొచ్చినాయి. ఊరు పెరిగింది. పత్తి బేళ్ళ లారీలు అట్లే ఉన్నాయి, కొండలు అట్లే ఉన్నాయి.

మిల్లుకు రంగు మారింది, గేటు మారింది. ఏరే కొట్టం మారలేదు. రేకుల కింద వరసగా కూర్చున్న ఆడవాళ్ళు, ఒళ్ళో చేటలు, ముందు పప్పు రాశులు. కండ్లు ఎదుటి మనిషి మీద, మాట పక్క మనిషితో, చేతులు మాత్రం తమ పని తాము చేస్తుంటాయి. వాళ్ళకు మేస్త్రి మార్తమ్మ. శాంతమ్మ కూతురని అడగకుండానే గుర్తుపట్టినాను, శాంతమ్మ గడ్డం, శాంతమ్మ చూపు.

"ఎవరు పెద్దాయనా నీవు? ఆఫీసరువైతే చెప్పులు ఇట్లుండవే" అంది. కొట్టమంతా నవ్వింది.

పప్పు చూడ్డానికి వచ్చినానన్నాను. ఒక చేట నా ముందుకు తోసింది. ఏరడం చూడడమే గానీ నేను ఏనాడూ చేయలేదు. నాలుగు గింజలు తీసి పక్కన పెడితే, పక్కనున్న పడుచు పకపకా నవ్వింది. "మంచివన్నీ పారేసి చెడ్డవన్నీ పెట్టుకుంటాండాడే!"

మార్తమ్మ నా చేటలోంచి గింజలు తీసి చూపించింది. "ఇది ముడతపడింది. ఇది రంగు మారింది. ఇది మొలకొచ్చింది. ఇది పొట్టూడింది. నాలుగూ పక్కకే."

"ఇంత తెలిసినదానివి, మళ్ళీ ఇంటికెందుకు తీసుకపోతావమ్మా?"

"ఇంటికాడ ఇంకోసారి ఏరుతాము. మరీ నల్లవి తీసేస్తాము. మిగిలింది ఏంచుతాము. ఏంచితే బూజు సస్తాది కదా."

వాళ్ళు చేస్తున్న పొరపాటు అక్కడుంది. పరదేశం వాళ్ళ కోసం ఒకసారి ఏరిన చేతులు, తమ కోసం రెండోసారి ఏరుకొని ధైర్యంగా తింటున్నాయి. వాళ్ళ ఏరుడు మీద వాళ్ళకు అంత నమ్మకం.

"బూజు సస్తాదమ్మా. అది ఇడిసిన విషం సావదు. దాన్ని ఏరేకి ఏ కన్నూ సాలదు" అన్నాను. నాకు తెలియకుండానే నా నోటికి ఆ ఊరి మాట తిరిగొచ్చింది.

చేటలు ఒక్కొక్కటే ఆగినాయి. మార్తమ్మ మెల్లగా అంది.

"నా కూతురు రూతుకు ఏడో నెల. తొలిసూరు. నోటికి ఇంకేమీ సయించదని మూడు పూటలా ఆ పొడే తింటాది. మా అమ్మ కండ్లు పచ్చబడినప్పుడు కూడా ఆ పొడితోనే రొట్టె పెట్టినాను. తినేముందు ప్రార్థన చేసేది. యేసయ్య పేరు అయినాక సుబ్బన్న పేరు సెప్పేది. మా ఆకలి సూసిన దేవుడు ఆ సుబ్బన్నను పంపించినాడని."

నేను లేచిపోవచ్చు. ఎవరో చదువుకున్న పెద్దాయన వచ్చి చెప్పిపోయినాడనుకునేవాళ్ళు. కానీ అంతకుముందు రోజే ఒక ఇంట్లో పేరు దాచుకొని, వాళ్ళు కుట్టిన పంచె కట్టుకొని వచ్చినాను. రెండోసారి దాచలేకపోయినాను.

"ఆ సుబ్బన్నను నేనేనమ్మా. మూటలు దించిందీ నేనే, కాయ మీద నీళ్ళు చల్లిందీ నేనే. అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలిసింది, అందుకే వచ్చినాను."

తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవడానికి సిద్ధపడే ఉన్నాను. మార్తమ్మ నన్ను కాళ్ళ నుంచి తల దాకా చూసింది.

"నీవింకా బతికే ఉండావా?" అంది. "ఉంటావులే. మా అమ్మ నీకోసం అంత ప్రార్థన చేస్తే, బతకక ఏం చేస్తావు."

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వాలో ఏడవాలో తెలియక కొంగులు నోటికి పెట్టుకున్నారు. మార్తమ్మ చేట దింపి లేచింది. అంతవరకు పెద్దాయనా అన్నది, అప్పుడు మామా అంది. తల్లి నన్ను అన్నా అనేది కదా.

"లెయ్ మామా, సావుకారు కాడికి పోదాం. ఒక్క మాట. ఆకలేసి అడిగి తెచ్చుకున్న పప్పు అది. నీవు పోయి ఆపేయమంటే, ఆయన సంతోషంగా ఆపేస్తాడు. మమ్మల్ని ఉత్త సంచులతో ఇంటికి పంపించేటట్టయితే, నీ జ్ఞానం నీ కాడనే పెట్టుకో."

నాలుగు జాబుల్లోనూ నేను రాసింది 'ఆపండి' అనే. బదులు ఏమివ్వాలో ఒక్కదాంట్లోనూ రాయలేదు. ఇంత చదివి ఆ మాట నాకు తోచలేదంటే, ఎవరిని అనాలి?

సావుకారి గది

పాత సావుకారు మనవడు ఇప్పటి సావుకారు. మర్యాదస్తుడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించినాడు. మార్తమ్మ గడప దగ్గరే నిలబడింది. నా నాలుగు జాబులూ సొరుగులోనే ఉన్నాయి. తీసి చూపించినాడు.

"చదివినాను పెద్దాయనా. అన్నిట్లో తిట్లే ఉన్నాయి, ఏం చేయాలో లేదు. బదులేం రాయాలో తెలియలేదు" అన్నాడు.

తిరిగి చదువుకుంటే అతని మాట నిజమే.

లింగమ్మ మూట విప్పి బల్ల మీద పోసినాను. దాని పక్కన మార్తమ్మ వచ్చి, తన కొంగులోంచి శనివారం సంచికి ఏరిన పప్పు పిడికెడు పోసి, మళ్ళీ గడప దగ్గరికి పోయింది. గులాబీ రాశి ఒకటి, నలుపూ పచ్చా కలిసిన రాశి ఒకటి. మా ఇద్దరికీ మాట్లాడే పని తప్పింది.

"సరే, ఈ వారం నుంచే ఆపేస్తాను" అన్నాడు సావుకారు.

"ఆపేది సులువే సామీ" అంది మార్తమ్మ గడప మీంచి. "బదులేందో సెప్పు. రెండో రకం మంచి పప్పు ఇయ్యి, శేరుకు శేరు."

"అట్లా ఇస్తే ఎట్లా గిట్టుబాటవుతుందమ్మా?"

నేనన్నాను: "నీళ్ళు చల్లడం మానెయ్. చెడ్డ పప్పే తగ్గుతుంది."

"నీళ్ళు చల్లకపోతే పప్పు బద్దలవుతుంది పెద్దాయనా. బద్ద ఎవరూ కొనరు."

"బద్దలైతే నీకు నష్టం. బూజు పడితే వాళ్ళకు లాభమా?"

అతనికి కోపం రాలేదు. రాకపోవడమే నాకు కష్టమనిపించింది. రెండు రాశులనూ చాలాసేపు చూసినాడు. చివరికి "చూద్దాం పెద్దాయనా. ఆలోచించి బదులు రాస్తాను" అన్నాడు. చూద్దాం అనే మాట నేను ఆ గదిలో అతని తాత నోటి నుంచి కూడా విన్నాను.

బయటికి వచ్చినాక, సంచులు పంచినప్పుడు, మార్తమ్మ తన సంచి ఇంటికి తీసుకుపోలేదు. ఆఫీసు గడప ముందు పెట్టింది. వెనక వచ్చిన ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. కొందరు పెట్టినారు, కొందరు పెట్టలేక తీసుకుపోయినారు. తీసుకుపోయిన వాళ్ళను నేనేమీ అనలేదు. ఆకలి ముందు నా పుస్తకం ఎంత? లింగమ్మ పప్పులో మిగిలిందంతా రూతు కోసం మార్తమ్మ కొంగులో పోసి బస్సెక్కినాను.

మళ్ళీ నంద్యాల

ఇంటికి వచ్చి నలుగురికీ చెబితే, "పోయి ఏం సాధించినావు?" అన్నారు. ఏమీ సాధించలేదు. సావుకారు జాబు కోసం రోజూ ఎదురుచూసినాను. అది ఇప్పటికీ రాలేదు.

కానీ కోపంతో పోయిన మనిషిగా నేను తిరిగి రాలేదు. విత్తనపు పప్పు ఇచ్చిన చెయ్యి, అడగకుండా పంచె కుట్టిన చెయ్యి, చెంబు అందించిన చెయ్యి, ఇవన్నీ తలపుకొస్తే నా తిట్లు నాకే పలచగా కనపడినాయి. పుస్తకం చదివి నేను తెలుసుకున్నది సగం. మిగిలిన సగం ఈ దోవలో జనం నాకు ఊరికే ఇచ్చినారు. వాళ్ళకు రుణపడి ఉన్నానని చెప్పడానికే ఇది రాసినాను.

నెల దాటినాక బస్సు కండక్టరు ఒక చిన్న మూట తెచ్చిచ్చినాడు. అందులో ఒక శేరు పప్పు, దాని మీద నోటుబుక్కు కాగితం మడత. రాసింది రూతు, చెప్పింది మార్తమ్మ. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దింపుతున్నాను.

"సుబ్బన్న మామకు మార్తమ్మ రాయించేది. నీవు పోయినాక మూడు శనివారాలు సంచులు గడప కాడనే పెట్టినాము. మొదటి వారం సగం మందిమి, రెండో వారం ఇంకొందరు, మూడో వారానికి అందరం. ఆ బూజు వాసనకు ఆఫీసులో కూర్చునేకి సావుకారుకు కాలేదు. సరుకు కొనేకి వచ్చినోళ్ళు ముక్కు మూసుకుంటే సిగ్గుపడినాడు. నాలుగో శనివారం మనిషికొక శేరు రెండో రకం ఇచ్చినాడు. చెడ్డది సబ్బుల నూనెకు పంపుతాండానని సెప్పినాడు. మేము నమ్మలేదు, లారీ యాడికి పోతాదో కనుక్కుంటాండాము. నీళ్ళు సల్లేది ఇంకా మానలేదు. దానికి ఇంకో జాబు రాయి, ఈసారి తిట్లు తగ్గించి ఏం చేయాల్నో రాయి. రూతు పాత పొడి పూడ్చేసింది, కొత్తది దంచుకుంది, తింటాండాది. ఈ మూటలోది మేము ఏరింది. పాత పప్పుకు పేరు తీసేసినాము మామా, ఇప్పుడు దీన్నే సుబ్బన్న పప్పు అంటాండాము. ఇందులో ఒక్క నల్లగింజ కనపడినా బస్సెక్కి వచ్చి మమ్మల్ని తిట్టు."